ఒకే జెల్‌లో క్లోట్రిమజోల్, లాక్టోబాసిల్లస్: బ్యాక్టీరియా ఎందుకు బతకడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హన్మకొండలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతున్నారు. యోనిలో వచ్చే కాండిడా ఫంగస్ ఇన్ఫెక్షన్ కోసం ఫంగస్ మందు క్లోట్రిమజోల్ 1 శాతం, మేలు చేసే బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ కలిపి, కార్బోపాల్ అనే చిక్కబరిచే పాలిమర్‌తో జెల్ చేశారు. మొదటి రోజు బ్యాక్టీరియా లెక్క బాగానే ఉంది. మూడో వారానికి బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టే ప్లేట్ల మీద దాదాపు ఏమీ మిగల్లేదు. "మందే బ్యాక్టీరియాను చంపుతోందా? పాలిమర్ మారిస్తే సరిపోతుందా? ఇంకా ఐదు నెలలే టైముంది" అని అడిగారు.

సూటిగా చెప్తాను. మందు మీద అనుమానం చివరికి పెట్టుకోండి. ముందు చంపేది ప్రిజర్వేటివ్, ఆ తర్వాత నీళ్లు. పాలిమర్ మారిస్తే ఇంకో వారం పది రోజులు బతుకుతాయేమో గానీ ఏడాది షెల్ఫ్ లైఫ్ రాదు. బ్యాక్టీరియాను వాడే నిమిషం దాకా పొడిగా, మందు నుంచి విడిగా ఉంచే పద్ధతికి మారండి. టెన్షన్ పడకండి, ఐదు నెలలు దానికి చాలు. ఇప్పటిదాకా చేసింది కూడా వృథా కాదు, అదెందుకో కింద చెప్తాను.

నేను పదేళ్లకు పైగా హైదరాబాద్‌లో క్రీములు, జెల్‌ల తయారీలో పనిచేసి, ఇప్పుడు వరంగల్‌లో ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. మీకు ఎదురైన ఇబ్బందే నాకూ ఎదురైంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మందు సంగతి. క్లోట్రిమజోల్ లాంటి అజోల్స్ ఫంగస్ కణంలో ఎర్గోస్టెరాల్ తయారు కాకుండా ఆపుతాయి. ఎర్గోస్టెరాల్ ఫంగస్ పొరకు గోడలో సిమెంటు లాంటిది. బ్యాక్టీరియాకు అసలు ఎర్గోస్టెరాలే ఉండదు. కాబట్టి మందు పట్టుకోవడానికి అక్కడ ఏమీ దొరకదు. నిస్టాటిన్ అనే ఇంకో ఫంగస్ మందు అయితే ఇంకా తేలిక, అది నేరుగా ఎర్గోస్టెరాల్‌కే అతుక్కుంటుంది. అయితే ఒక జాగ్రత్త. క్లోట్రిమజోల్ చేరే ఇమిడజోల్ జాతి మందులకు గ్రామ్ పాజిటివ్ అనే రకం బ్యాక్టీరియా మీద కొంత ప్రభావం ఉంది, మైకోనజోల్‌కు అది బాగా తెలిసిన సంగతే. లాక్టోబాసిల్లస్ కూడా గ్రామ్ పాజిటివే. అందుకని "మందు ఏమీ చేయదు" అని పుస్తకం చూసి రాసేయకండి. మీ దగ్గరున్న స్ట్రెయిన్ మీద, మీ జెల్‌లో ఉన్న మోతాదులో ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) పరీక్ష చేసి చూడండి. రెండు రోజుల పని.

ఇక ప్రిజర్వేటివ్. మీ ఫార్ములాలో మిథైల్ పారాబెన్, ప్రొపైల్ పారాబెన్ ఉన్నాయని రాశారు. ప్రిజర్వేటివ్ పనే జెల్‌లో సూక్ష్మజీవి ఏదీ బతకకుండా చూడటం. ఇది మన బ్యాక్టీరియా, ఇది పరాయిది అన్న తేడా దానికి తెలియదు. నా మొదటి ఉద్యోగంలో మేమూ ఇదే చేశాం. కంపెనీలో అప్పటికే ఉన్న క్రీము బేస్ తీసుకుని అందులో బ్యాక్టీరియా పొడి కలిపాం. ఆ బేస్‌లో బెంజైల్ ఆల్కహాల్ ఉంది. లెక్క పడిపోయిందని రెండు నెలలు మందును తిట్టుకుంటూ కూర్చున్నాం. మందు లేని ఖాళీ బేస్‌లో బ్యాక్టీరియా వేసి చూడాలని ఎవరికీ తట్టలేదు. చివరికి ఒక జూనియర్ అమ్మాయి వేసి చూసింది. అందులోనూ అంతే వేగంగా చచ్చిపోయాయి.

అందుకే రేపు కాలేజీకి వెళ్లగానే నాలుగు డబ్బాలు పెట్టండి. మందు, ప్రిజర్వేటివ్ రెండూ ఉన్నది ఒకటి. మందు లేకుండా ప్రిజర్వేటివ్ ఉన్నది ఒకటి. ప్రిజర్వేటివ్ లేకుండా మందు ఉన్నది ఒకటి. రెండూ లేనిది ఒకటి. నాలుగింటిలోనూ ఒకే లెక్కలో బ్యాక్టీరియా వేసి 0, 3, 7, 14, 21 రోజులకు ప్లేటు వేయండి. ఈ ఒక్క పట్టిక మీ థీసిస్‌లో అన్నిటికన్నా బలమైన పేజీ అవుతుంది. మీరు ఇంతవరకు చేసిన జెల్ ఇందులో మొదటి డబ్బా అవుతుంది.

ప్రిజర్వేటివ్ తీసేశాక కూడా లెక్క పడిపోతుంది, నెమ్మదిగా. అదే నీళ్ల సమస్య. ఫ్రీజ్ డ్రై చేసిన, అంటే గడ్డకట్టించి ఆరబెట్టిన లాక్టోబాసిల్లస్ నిద్రలో ఉన్నట్టు ఉంటుంది. వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవికి అందే తేమ కొలత) 0.2 ప్రాంతంలో ఉంటే చల్లని చోట నెలలకొద్దీ బతుకుతుంది. దాన్ని జెల్‌లో వేయగానే లేస్తుంది. లేచాక తిండి కావాలి, లేకపోతే ఆకలితో చస్తుంది. తిండి పెడితే తిని లాక్టిక్ యాసిడ్ వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది, తన ఆమ్లంలో తనే దెబ్బతింటుంది. రెండు దారుల్లోనూ నష్టమే. మీరు రామ్నోసస్ బదులు రూటెరి అనే ఇంకో లాక్టోబాసిల్లస్ వాడి ఉంటే ఇంకో వింత చూసేవారు. అది చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ కూడా వదులుతుంది, మూత బిగించిన ట్యూబు ఉబ్బుతుంది.

కార్బోపాల్‌తో దీనికి తోడు ఇంకో చిక్కు. అది చిక్కబడాలంటే ట్రైఇథనోలమైన్ అనే క్షారంతో న్యూట్రలైజ్ చేయాలి, పీహెచ్ 6 దాటాక బాగా నిలబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న యోనిలో పీహెచ్ 3.8 నుంచి 4.5. అక్కడికి తగ్గట్టు కిందికి దించితే జెల్ పలుచబడుతుంది. పైగా క్లోట్రిమజోల్ ఆమ్లంలో నిలకడగా ఉండదు, నెమ్మదిగా విరిగిపోతుంది. అంటే ఒకే డబ్బాలో మందు ఆమ్లం వద్దంటుంది, శరీరం ఆమ్లం కావాలంటుంది, బ్యాక్టీరియా తనే ఆమ్లం పుట్టిస్తుంది. ఈ మూడింటినీ ఒక పాలిమర్ ఎలా సర్దుతుంది? పాలిమర్ మార్చాలనే అనుకుంటే హైడ్రాక్సీ ఇథైల్ సెల్యులోజ్‌కి మారండి. దానికి చార్జ్ ఉండదు, పీహెచ్ మారినా చిక్కదనం పెద్దగా మారదు. కానీ అది మందు జెల్ బాగుపడటానికి మాత్రమే. బ్యాక్టీరియాను కాపాడటానికి కాదు.

మరి ఏం చేయాలి? నేను ప్రయత్నించినవి, చూసినవి చెప్తాను.

ఆల్జినేట్ గుళికల్లో బ్యాక్టీరియాను బంధించడం చాలామంది ముందు అనుకునేది. సోడియం ఆల్జినేట్ ద్రావణంలో బ్యాక్టీరియా కలిపి, కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలు చుక్కలుగా వేస్తే సగ్గుబియ్యం లాంటి గుళికలు వస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ గుళిక లోపల కూడా నీళ్లే కదా. మా విద్యార్థిని ఒకామె వాటిని సిట్రేట్ బఫర్ ఉన్న జెల్‌లో వేసింది. మర్నాటికి గుళికలు లేవు. సిట్రేట్ కాల్షియంను లాగేసుకుంటుంది, గుళిక కరిగిపోతుంది. ఫాస్ఫేట్ బఫర్‌తోనూ అంతే. గుళికలే కావాలంటే ఆ రెండు బఫర్లు వాడకండి, గుళికలను ఫ్రీజ్ డ్రై చేసి పొడిగా విడిగా ఉంచండి.

నీళ్లు లేని బేస్ ఇంకో దారి. మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్ నూనెను కొల్లాయిడల్ సిలికాతో చిక్కబరిచి అందులో పొడి బ్యాక్టీరియా కలపొచ్చు. బ్యాక్టీరియా నూనెలో నిద్రలోనే ఉంటుంది, యోనిలో తడి తగిలాక లేస్తుంది. ఇది నాకు ఇష్టమైన పద్ధతే. రెండు లోపాలు మాత్రం దాచకుండా రాయండి. ఒకటి, నూనె బేస్ లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. లేబుల్ మీద ఆ హెచ్చరిక తప్పనిసరిగా ఉండాలి. రెండోది, హార్డ్ ఫ్యాట్‌తో సపోజిటరీ చేస్తే అది శరీర వేడికి కరిగేలా చేసింది కదా, మే నెలలో వరంగల్ ఎండకు డబ్బాలోనే కరిగిపోతుంది. ఒక ఎండాకాలం హైదరాబాద్ నుంచి తెప్పించిన శాంపిల్ పార్సిల్ విప్పితే అన్నీ కలిసి ఒకటే ముద్ద. దాంట్లో బతికున్న బ్యాక్టీరియా కోసం వెతకడం కూడా అనవసరం అనిపించింది.

మీకు నేను గట్టిగా చెప్పేది మూడో దారి. మందు జెల్ ఒకటి, పొడి బ్యాక్టీరియా క్యాప్సూల్ ఒకటి, రెండూ ఒకే పెట్టెలో. ముందు మందు కోర్సు, తర్వాత బ్యాక్టీరియా. జెల్‌లో ప్రిజర్వేటివ్ హాయిగా వేసుకోవచ్చు. క్యాప్సూల్‌లో ట్రెహలోజ్ అనే చక్కెరతో గానీ స్కిమ్ మిల్క్‌తో గానీ ఫ్రీజ్ డ్రై చేసిన పొడి పెడతారు. ఖాళీ క్యాప్సూల్ జెలటిన్‌ది వద్దు, దాంట్లోనే 13 నుంచి 16 శాతం తేమ ఉంటుంది, అది పొడిలోకి దిగుతుంది. సెల్యులోజ్ నుంచి చేసే హెచ్‌పీఎంసీ క్యాప్సూల్‌లో తేమ అందులో సగం కూడా ఉండదు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. నింపేందుకు లాక్టోజ్ వాడొచ్చు, కాండిడా ఆల్బికాన్స్ లాక్టోజ్‌ను తినలేదు. గ్లూకోజ్ వాడితే శత్రువుకు అన్నం పెట్టినట్టే.

ఇది నా ఒక్కదాని ఆలోచన కాదు. ఈ రంగంలో బాగా పేరున్న పరీక్ష చూడండి. లాక్టిన్-వి అనే ఉత్పత్తిలో లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ ఉంటుంది, అది పొడిగానే అప్లికేటర్‌లో వస్తుంది. బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో వేరే బ్యాక్టీరియా పెరిగిపోయే జబ్బు) ఉన్న 228 మంది స్త్రీలకు ముందు మెట్రోనిడజోల్ అనే మందు ఇచ్చి, తర్వాత కొందరికి ఇది, కొందరికి ప్లసీబో (బ్యాక్టీరియా లేని ఉత్తి పొడి) ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం 12 వారాల్లోపు జబ్బు తిరగబెట్టింది ఇది వాడినవాళ్లలో 30 శాతం మందికి, ప్లసీబో వాడినవాళ్లలో 45 శాతం మందికి. ముందు మందు, తర్వాత బ్యాక్టీరియా, రెండూ విడివిడిగా. వాళ్లు అన్ని వనరులు ఉండి కూడా ఒకే జెల్‌లో కలపలేదు.

కానీ అది బ్యాక్టీరియల్ వజైనోసిస్ అని మర్చిపోకండి, కాండిడా కాదు. ఇక్కడ చాలా థీసిస్‌లు తప్పటడుగు వేస్తాయి. "కాండిడా వస్తే లాక్టోబాసిల్లస్ తగ్గిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, దాన్ని మేం సరిచేస్తాం" అని ఉపోద్ఘాతంలో రాస్తారు. పీహెచ్ 4.5 దాటడం బ్యాక్టీరియల్ వజైనోసిస్ లక్షణం. కాండిడాలో పీహెచ్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది, లాక్టోబాసిల్లస్ కూడా చాలామందిలో ఉంటూనే ఉంటుంది. కాండిడాలో ప్రోబయోటిక్స్ మీద 2017లో వచ్చిన కోక్రేన్ సంస్థ సమీక్ష 10 పరీక్షలు, 1656 మంది స్త్రీల సమాచారం చూసింది. మందుకు తోడుగా ఇస్తే కొద్దికాలంలో నయం కావడం కొంత మెరుగుపడింది. ఎక్కువ కాలానికి ఆ మేలు కనబడలేదు. ఆధారాల నాణ్యత తక్కువ అని కూడా వాళ్లే చెప్పారు. కాబట్టి మీ ఉత్పత్తిలో ఫంగస్‌ను నయం చేసేది క్లోట్రిమజోలే. బ్యాక్టీరియా తిరగబెట్టకుండా సాయపడొచ్చేమో అని పరీక్షించే ఒక ఊహ. వైవాలో ఇలా చెప్తే ఎగ్జామినర్ ముందు తలెత్తుకుని నిలబడతారు.

స్ట్రెయిన్ ఎంపిక గురించి కొంచెం. స్త్రీల శరీరంలో సహజంగా ఎక్కువగా ఉండేవి క్రిస్పాటస్, గాసెరి, జెన్సెనీ, ఇనర్స్. రామ్నోసస్ మీద పని చాలా జరిగింది, పెంచడం తేలిక, మీ కాలేజీ ల్యాబ్‌కు అదే సరిపోతుంది. అయితే 2020లో పేరు మారింది, ఇప్పుడు లాక్టికేసీబాసిల్లస్ రామ్నోసస్ అనాలి. థీసిస్‌లో కొత్త పేరు రాసి, పాత పేరు ఒకసారి చెప్పండి. మందుల షాపులో దొరికే "లాక్టోబాసిల్లస్ స్పోరోజెన్స్" తెచ్చి వాడదామని చాలామంది అడుగుతారు, గట్టి స్పోర్లు కాబట్టి జెల్‌లో కూడా బతుకుతాయని. నిజమే, బతుకుతాయి. కానీ అది అసలు లాక్టోబాసిల్లసే కాదు, బాసిల్లస్ కోయాగులన్స్. యోనిలో సహజంగా ఉండేది కాదు. బతకడం ఒక్కటే గుణం అయితే సరిపోదు కదా.

లెక్కపెట్టడంలో మీరు చేసి ఉండగల పొరపాట్లు రెండు. క్లోట్రిమజోల్ జెల్ నేరుగా కరిగించి ప్లేటు వేస్తే దాంతోపాటు ప్రిజర్వేటివ్ కూడా ప్లేటులోకి వెళ్తుంది. బతికున్నవి కూడా అక్కడ పెరగవు, మీరు చచ్చాయనుకుంటారు. పలుచన చేసే ద్రావణంలో ట్వీన్ 80, లెసిథిన్ వేసి ప్రిజర్వేటివ్ పనిని విరిచేయండి. ఇంకోటి, కాండిడా, లాక్టోబాసిల్లస్ రెండూ కలిపి పెంచిన పరీక్షలో, లాక్టోబాసిల్లస్ కోసం వాడే ఎంఆర్ఎస్ అగార్ మీద కాండిడా కూడా పెరుగుతుంది. ఎంఆర్ఎస్‌లో నిస్టాటిన్ వేయండి, కాండిడా లెక్కకు సబొరాడ్ అగార్‌లో క్లోరాంఫెనికాల్ వేయండి. అప్పుడే రెండు లెక్కలు విడివిడిగా వస్తాయి. అలాగే బ్యాక్టీరియా ద్రవం చుట్టూ ఫంగస్ పెరగని వలయం కనబడితే వెంటనే సంబరపడకండి. ఆ ద్రవాన్ని పీహెచ్ 6.5కి తెచ్చి మళ్లీ వేసి చూడండి. వలయం మాయమైతే అది ఒట్టి ఆమ్లం పని. మందు విడుదల పరీక్షలో క్లోట్రిమజోల్ నీళ్లలో కరగదని సోడియం లారిల్ సల్ఫేట్ అనే సబ్బులాంటి పదార్థం కలుపుతారు. దాంట్లో బ్యాక్టీరియా బతకదు, కాబట్టి ఆ పరీక్ష వేరు, బ్యాక్టీరియా పరీక్ష వేరు.

జెల్‌లో గ్లిసరాల్, ప్రొపైలిన్ గ్లైకాల్ ఎంత వేశారో రాయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో లూబ్రికెంట్ల కోసం ఇచ్చిన సూచన జెల్‌కూ పనికొస్తుంది. ఆస్మొలాలిటీ (జెల్‌లో కరిగిన పదార్థాల గాఢత) కిలోకు 380 మిల్లీఆస్మోల్స్ దాటకపోతే మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 1200 దాటకూడదు. గ్లిసరాల్ 9.9 శాతం, ప్రొపైలిన్ గ్లైకాల్ 8.3 శాతం లోపే ఉండాలి. చాలా కాలేజీ ఫార్ములాల్లో మందు కరగాలని ప్రొపైలిన్ గ్లైకాల్ చేతికొచ్చినంత పోస్తారు. అసలే దురద, మంటతో ఉన్న మనిషికి అది పుండు మీద కారం.

అనుమతుల సంగతి క్లుప్తంగా. యోనిలో వాడే మందులకు ఫార్మకోపియా పరిమితి గ్రాముకు 100 బ్యాక్టీరియా. మీరు కావాలని కోట్లలో పెడుతున్నారు. కాబట్టి మామూలు మైక్రోబియల్ లిమిట్ పరీక్ష మీ క్యాప్సూల్‌కు అలాగే వర్తించదు. ఆ బ్యాక్టీరియా కాకుండా వేరేవి, ముఖ్యంగా స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుగినోసా, కాండిడా ఆల్బికాన్స్ లేవని చూపించాలి. మందు, బ్యాక్టీరియా కలిపితే మన దేశంలో కొత్త మందులు, క్లినికల్ పరీక్షల మీద వచ్చిన 2019 నిబంధనల ప్రకారం కొత్త ఔషధం కిందికి వస్తుంది. ఇది పెరుగు డబ్బా మీద ప్రోబయోటిక్ అని రాసుకున్నంత తేలిక కాదు.

ఇంకొక్కటి, ఇది మీరు అడగలేదు. ఒకసారి నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో హెల్త్ క్యాంపులో డాక్టరమ్మతో కూర్చున్నాను. మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఎక్కువ. "తెల్లబట్ట అయితుంది" అని చెప్పడానికే అరగంట పట్టేది వాళ్లకు. ట్యూబులో ఇచ్చిన జెల్ ఎందుకు సగంలో మానేశావని ఒకామెను అడిగితే, పొద్దున పెట్టుకుని చేనికి పోతే కారి చీర పాడైందని చెప్పింది. రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలని ఎవరూ చెప్పలేదట. ఇంకొకామె పెరుగు పెట్టుకుంటున్నానంది. ఇంట్లో తోడేసిన పెరుగులో ఉండేవి యోనిలో ఉండే జాతులు కావు, పైగా అందులో ఈస్ట్ కూడా ఉండొచ్చు. ఆమెకు ఆ మాట మెల్లగా చెప్పాం. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఫ్రిజ్ లేదు. అప్పటినుంచి నేను ఏ ఫార్ములా చూసినా ఇది ఆమె ఇంట్లో గూట్లో పెడితే ఎన్ని రోజులుంటుంది అని లెక్క వేసుకుంటాను. 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉండాలనే జెల్ ఆమెకు పనికిరాదు. మీరు స్టెబిలిటీ పెట్టేటప్పుడు ఫ్రిజ్‌తో పాటు 30 డిగ్రీలు, 40 డిగ్రీల వద్ద కూడా క్యాప్సూళ్లు పెట్టండి. 40 దగ్గర లెక్క పడిపోతే పడిపోయిందనే రాయండి.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా దురద, తెల్లబట్ట ఉంటే సొంతంగా ఏదీ మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించుకోండి. గర్భంతో ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. అన్ని తెల్లబట్టలూ కాండిడా కాదు, ఏడాదిలో మూడుసార్లకు మించి వస్తుంటే పరీక్ష చేయించి ఏ కాండిడానో తెలుసుకోవాలి.

మీ టైటిల్ "క్లోట్రిమజోల్, లాక్టోబాసిల్లస్ జెల్" అని ఇప్పటికే రిజిస్టర్ అయి ఉంటే గాభరా పడకండి. గైడ్‌తో మాట్లాడి "జెల్, క్యాప్సూల్ కిట్" అని చిన్న మార్పు అడగండి, నాలుగు డబ్బాల పట్టిక చూపిస్తే ఒప్పుకుంటారు. మీ బేస్‌లో ఏ బఫర్ వాడారో, ఎంత చొప్పున వేశారో రాయలేదు. ప్రిజర్వేటివ్ లేని రెండు డబ్బాల్లో ఏడో రోజు లెక్క రాగానే ఇక్కడే పెట్టండి, దాన్ని చూసి బఫర్ సంగతి మాట్లాడుకుందాం.